ఆంధ్ర బాలికోన్నత పాఠశాల: నైజాము రాజ్యమున నొక తెలుఁగు విద్యాలయ చరిత్రము

నిజామాబాదు పట్టణమున 1937వ సంవత్సరమున ఆఱవ ఆంధ్రమహాసభ జరిగెను. దానికి మందుముల నరసింగరావుగారు అధ్యక్షులు. ఆ సభతోఁబాటు జరిగిన మహిళాసభకు నందగిరి ఇందిరాదేవిగారు అధ్యక్షురాలు. అంతకు రెండేండ్లు ముందు, 1935లో, నాలుగవ మహాసభ సిరిసిల్లలో జరిగెను. అచట మహాసభకు మాడపాటి హనుమంతరావుగారును, మహిళాసభకు వారి ధర్మపత్ని మాణిక్యమ్మగారును అధ్యక్షత వహించిరి. సిరిసిల్లకును నిజామాబాదునకును నడుమ గుట్టలును అడవులును గల సీమయందు సిరికొండ యున్నది. ఈ కాలపు మహాసభలయందు మాటిమాటికి వినవచ్చిన కోరికలలో మాతృభాషయందు విద్య యనునది ప్రధానము. సిరికొండవంటి యొక పల్లెలోఁ బుట్టిన తెలుఁగుపిల్ల, వీధిబడిలో పెద్దబాలశిక్ష ముగించిన వెనుక, తన భాషలోనే పైచదువు చదువఁగోరినచో ఆ కాలమున ఎచటికిఁ బోవలసియుండెను? ఈ ప్రశ్నకు నైజాము రాజ్యమున చిరకాలము సమాధానమే లేకుండెను. 1928లో హైదరాబాదు నారాయణగూడయందు స్థాపింపఁబడిన ఆంధ్ర బాలికోన్నత పాఠశాల దానికి దొరకిన మొదటి సమాధానము.

ఈ పాఠశాల చిన్నది. దీనికి రాజాశ్రయము లేదు; జాగీరులు లేవు; తన రాజ్యపు విశ్వవిద్యాలయముయొక్క అంగీకారమైనను లేదు. అయినను తెలంగాణపు విద్యాచరిత్రమునందు దీనికిఁ గల స్థానము మిక్కిలి పెద్దది. దానిని సరిగా గుర్తింపవలెనన్నచో ఆ నాఁటి రాజ్యమున భాషల స్థితి ఎట్టిదో ముందుగా తెలియవలెను.

హైదరాబాదు రాజ్యమున తెలుఁగువారు నూటికి సుమారు 48 మంది, మరాఠీవారు పావువంతు, కన్నడులు పదియవవంతు ప్రాంతము. ఉర్దూ మాతృభాషగాఁ గలవారు నూటికి 12 మంది ప్రాంతము. పూర్వము రాజకార్యములన్నియు పారసీకమున జరుగుచుండెను. పందొమ్మిదవ శతాబ్ది తుదిభాగమున, 1880 తరువాతి యేండ్లలో, ఆ స్థానము ఉర్దూకు వచ్చెను. కచేరీలలోని కాగితములు, న్యాయస్థానములలోని తీర్పులు, పాఠశాలలలోని పైతరగతులు అన్నియు ఉర్దూలోనే. క్రింది తరగతులలో తెలుఁగునకు కొంత చోటు దొరకినను, విద్యార్థి మీఁదికిఁ బోయినకొలఁదిని ఆ చోటు తగ్గుచుండెను. వ్యాకరణపరిభాషలోఁ జెప్పవలెనన్నచో, తెలుఁగునకు అచట లోపము విధింపఁబడెనే కాని ఆదేశముగా వచ్చినది ప్రజల భాష కాదు.

ఇట్టి స్థితిలో ఉస్మానియా విశ్వవిద్యాలయము పుట్టెను. 1917లో సంకల్పింపఁబడి 1919లో తరగతు లారంభించిన ఈ విశ్వవిద్యాలయమునుగూర్చి తెలుఁగువారు వ్రాసిన వ్రాతలలో నిందయే తఱచుగా కానవచ్చును. అందు న్యాయమును కలదు, అన్యాయమును కలదు. ఆ కాలమున భారతదేశమందలి విశ్వవిద్యాలయములన్నియు ఆంగ్లమునందే బోధించుచుండెను. వైద్యముగాని, భౌతికశాస్త్రముగాని, తర్కముగాని దేశభాషలో బోధింపవచ్చునని పలికినవారిని పెద్దలు పరిహసించుచుండిరి. ఉస్మానియావారు ఆ పరిహాసమును లెక్కసేయలేదు. గ్రంథములను అనువదించుటకు 1917లోనే ప్రత్యేకముగా నొక శాఖను నెలకొల్పి, పారిభాషికపదములను కూర్చి, శాస్త్రములన్నియు ఉర్దూలో బోధించి చూపిరి. దేశభాష శాస్త్రభారమును మోయఁగలదని దేశమునకు నిరూపించినవారు వారే. అయితే ఆ దేశభాష ఎవరిది? నూటికి 88 మందికి అది తల్లిభాష కాదు. సూత్రము మంచిది, ఉదాహరణమే తప్పినది. తెలుఁగునకు ఉన్నతవిద్యలో స్థానము కావలెనని కోరినవారికి ఉస్మానియాకంటె బలమైన ప్రమాణము వేఱొకటి లేకుండెను. ఆ ప్రమాణమును అంగీకరింపనివారును ఉస్మానియావారే.

ఇంక బాలికల విషయము. హైదరాబాదు నగరమున నాంపల్లి బాలికల పాఠశాల ఉర్దూకును, 1907లో నెలకొల్పఁబడిన మహబూబియా పాఠశాల ఆంగ్లమునకును ప్రసిద్ధములు. ఉర్దూ తల్లిభాషగాఁ గల బాలికకును, ఆంగ్లవిద్యకు స్తోమతు గల కుటుంబపు బాలికకును దారి కలదు. తెలుఁగు బాలికకు మాత్రము ఓనమాల వెనుక దారి మూసికొనిపోయెను. ఆమె పైచదువు చదువవలెనన్నచో తన భాషను వాకిటనే విడిచి లోపలికిఁ బోవలెను. ఇంటిలో మాటలాడు భాష యొకటి, బడిలో భాష యింకొకటి, పరీక్షలో భాష మఱియొకటి యైనప్పుడు పదేండ్ల పిల్ల ఏమి చేయఁగలదు? తల్లిదండ్రులు సులభమైన మార్గమునే యెంచుకొనిరి: చదువు మాన్పించిరి.

స్వంతముగా పాఠశాలలు పెట్టుకొందమన్నను అది తేలిక కాదు. 1924 ప్రాంతమున వచ్చిన ఖానగీ పాఠశాలల నిబంధనలు ప్రభుత్వపు ముందనుమతి లేనిదే యెవ్వరును బడి పెట్టరాదని శాసించెను. ఊరి చావడిలో నలుగురు పిల్లలను చేర్చి అయ్యవారు చెప్పుకొను చదువునకుఁగూడ అనుమతి కావలసివచ్చెను. ఈ నిబంధనల వలన వీధిబడులు మిక్కిలిగా మూఁతపడెను. జోగిపేటలో 1930లో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను జరిగిన మొదటి ఆంధ్రమహాసభ మొదలుకొని ఈ నిబంధనలను తొలఁగింపవలెనను కోరిక వినఁబడుచునే యుండెను.

ఈ పాఠశాల కథకు బీజము మాత్రము అంతకుముందే పడినది. 1921వ సంవత్సరము నవంబరునెలలో హైదరాబాదు వివేకవర్ధనీ భవనమున సంఘసంస్కార సభ యొకటి జరిగెను. వివేకవర్ధని 1907లో పుట్టిన మరాఠీవారి విద్యాసంస్థ. ఆ సభకు అధ్యక్షులు పూనానుండి వచ్చిన ధోండో కేశవ కర్వేగారు. ఆంగ్లమునను, ఉర్దూలోను, మరాఠీలోను ఉపన్యాసములు జరుగుచుండెను. సభ్యులు శ్రద్ధగా వినుచుండిరి. న్యాయవాదియగు ఆలంపల్లి వేంకటరామారావుగారు లేచి తెలుఁగులో మాటలాడఁబూనఁగా సభలో నవ్వులును కేకలును బయలుదేఱెను. ఆయన తన ప్రసంగమును సాగింపలేకపోయెను. సంఘమును సంస్కరింపవచ్చిన సభయే యిట్లు చేసెను! సంస్కారమనఁగా దోషముల నపనయించుటయు గుణముల నాధానము చేయుటయు నని శాస్త్రము. ఆ నాఁడు సభలో దోషమే బయటపడినది. గుణాధానము ఆ రాత్రి వేఱొకచోట జరిగినది. టేక్మాల్ రంగారావుగారి ఇంట తెలుఁగువారు కొందఱు కూడి, 1921 నవంబరు 12వ తేదీన ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. దానికి కార్యభారము వహించినవారు మాడపాటి హనుమంతరావుగారు.

ఈ ప్రాంతమున భాషలు ఒకదానినొకటి యెల్లప్పుడును ఇట్లు తఱిమికొనలేదని ఇచటఁ జెప్పుట అప్రస్తుతము కాదు. కరీంనగరు సీమయందలి కురిక్యాల దగ్గఱ బొమ్మలగుట్టపై క్రీ. శ. 945 ప్రాంతమున పంపకవి తమ్ముఁడు జినవల్లభుఁడు వ్రాయించిన శాసనము కలదు. అందు సంస్కృతము, కన్నడము, తెలుఁగు మూఁడును ఒకే బండమీఁద నిలిచియున్నవి. తెలుఁగు కందపద్యములకు లభించిన తొలి ఆధారములలో ఆ శాసనము ముఖ్యమైనది. బోధను పట్టణమే ప్రాచీనమైన పోదనమని పలువురు పండితుల యభిప్రాయము. వేములవాడ చాళుక్యుల తొలిరాజధాని పోదనమే. చక్కెర కర్మాగారము 1937-38లో వచ్చిన వెనుక లోకమునకు బోధను చెఱకుతోటల ఊరుగాఁ దెలిసినది గాని, అంతకు వేయేండ్ల ముందే ఆ సీమకు అక్షరసంపద కలదు. తెలంగాణమున కవులు లేరని యొకరు వ్రాసినప్పుడు ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. పదివందల యేండ్లనాఁడు బండమీఁద పద్యము చెక్కించిన నేలకు అట్టి సాక్ష్యపత్రము చూపవలసి వచ్చుటయే విచారకరము.

మాడపాటి హనుమంతరావుగారు 1885లో కృష్ణా జిల్లా ఎఱ్ఱుపాలెమునఁ బుట్టిరి. పెరిగినది, పనిచేసినది నైజాము రాజ్యమున. హనుమకొండలో కొంతకాలము ఉద్యోగించి, పిదప హైదరాబాదులో వకీలుగా స్థిరపడిరి. ఆయనను ఉర్దూ ద్వేషిగా తలఁచువారు పొరపడుచున్నారు. ఆయనకు ఉర్దూ, పారసీకములు బాగుగా వచ్చును. ఉర్దూ పత్రికలకు వ్రాసిన చేయి ఆయనది. ఒకవంక ఉర్దూలో వ్యాసములు వ్రాయుచు, వేఱొకవంక తెలుఁగున మల్లికాగుచ్ఛమను కథలను వ్రాసిన మనుజుఁడు ఒక భాషపై కోపముతో రెండవ భాషకు పాఠశాల పెట్టఁడు. పరభాషలో ప్రావీణ్యము సంపాదించుటకు పిల్లవాఁడు ఎంత వెల యిచ్చునో తాను స్వయముగా నెఱిఁగినవాఁడు కాఁబట్టియే, ఆ వెల అందఱును ఇయ్యఁజాలరని ఆయనకుఁ దోఁచినది. ఆయన స్వభావము ఉద్రేకపూరితము కాదు. అనుమతి కావలెనన్న అనుమతి యడుగును. అడ్డము వచ్చిన చుట్టు తిరిగిపోవును. పని మాత్రము విడువఁడు. వెనుక వచ్చిన యువకులు ఈ పద్ధతిని మెత్తఁదనమని యాక్షేపించిరి. ఆ యాక్షేపణ రాజకీయములలో ఎంతవఱకు తగునో యేమో, పాఠశాల విషయమున మాత్రము తగదు. బడి యనునది ఒక్కనాఁటి సాహసముతో నిలుచునది కాదు. ప్రతి యుదయమును తలుపు తెఱవవలసినది.

పాఠశాల పేరునుగూర్చి యొకమాట. బాలికా, ఉన్నత అను పదములకు సంధిచేయఁగా, ఆకారమునకు ఉకారము పరమైనపుడు గుణము వచ్చి, బాలికోన్నత యని యగును. పాణినీయులకు ఇది మొదటి పాఠము. సమాసమునందే చిక్కు కలదు. బాలికలయొక్క ఉన్నతపాఠశాల యని షష్ఠీతత్పురుషముగా విగ్రహము చెప్పుట స్థాపకుల యుద్దేశము. బాలికలచేత ఉన్నతమైన పాఠశాల యని తృతీయాతత్పురుషముగాఁ జెప్పినను వ్యాకరణము అడ్డు చెప్పదు. ఈ పాఠశాల చరిత్రమును చదివినవారికి రెండవ విగ్రహమే సమంజసముగాఁ దోఁపవచ్చును. కారణము ముందు తెలియఁగలదు.

ఉన్నతపాఠశాలకు ఉత్తమాంగము తుదిపరీక్ష. ఆ పరీక్షను నడపు అధికారము విశ్వవిద్యాలయమునకుఁగాని ప్రభుత్వమునకుఁగాని యుండును. తెలుఁగున బోధించు పాఠశాలను ఉస్మానియా విశ్వవిద్యాలయము గుర్తింపలేదు. పిల్లలు చదివినంత చదివి, ఏ ముద్రయు లేని చదువుతో ఇంటికిఁ బోవలసినదేనా? ఈ సందిగ్ధమునుండి బయటపడుటకు హనుమంతరావుగారును వారి సహచరులును రాజ్యపు పొలిమేర దాఁటి చూచిరి. పూనాలో కర్వేగారు స్థాపించిన భారత మహిళా విశ్వవిద్యాలయము ఈ తెలుఁగు పాఠశాలను తనలోఁ జేర్చుకొనెను. 1921లో తెలుఁగుమాట నోటఁ బలుకనీయని సభకు అధ్యక్షులై కూర్చున్నవారు కర్వేగారు. తెలుఁగుమాటలో చదివిన బాలికలకు యోగ్యతాపత్రము నొసఁగినదియు కర్వేగారి విశ్వవిద్యాలయమే. చరిత్రకారులు మొదటి విషయమును తఱచుగా వ్రాయుదురు. రెండవదానిని విడిగా నొకచోట వ్రాయుదురు. రెంటిని ప్రక్కప్రక్కనఁ బెట్టినవారు అరుదు. అధ్యక్షుని పేరు చెప్పకుండ నవ్వులను మాత్రము చెప్పినచో కథ సగమే యగును.

కర్వేగారిది తెలుఁగువారికి కందుకూరి వీరేశలింగముగారివలె తోఁచు చరిత్రము. 1858లో కొంకణమునఁ బుట్టి, గణితోపాధ్యాయులై, 1893లో వితంతువును వివాహమాడి, 1896లో వితంతువులకు ఆశ్రమమును స్థాపించిరి. జపానుదేశమందలి మహిళా విశ్వవిద్యాలయమునుగూర్చిన చిన్నపుస్తకము ఆయన చేతికిఁ జిక్కెను. దానివలనఁ గలిగిన యాలోచనను 1915లో బొంబాయియందలి సంఘసంస్కార మహాసభలో అధ్యక్షోపన్యాసముగా వెల్లడించి, మఱుసటియేఁట, 1916లో, విశ్వవిద్యాలయమును కొలఁదిమంది విద్యార్థినులతో ఆరంభించిరి. బోధన మాతృభాషలో జరుగవలెను. ఆంగ్లము ఒక విషయముగా తప్పక నేర్పవలెను. స్త్రీల గృహజీవితమునకు సంబంధించిన శాస్త్రములకును చోటు కావలెను. ఇవి ఆ విశ్వవిద్యాలయపు మూలసూత్రములు. 1920లో విఠల్‌దాస్ ఠాకర్సీగారు 15 లక్షల రూపాయల దానము ప్రకటింపఁగా, వారి తల్లి నాథీబాయి దామోదర్ ఠాకర్సీ పేర ఆ సంస్థ పరఁగెను. 1936లో దాని కేంద్రము బొంబాయికి మాఱెను.

అయితే ఈ విశ్వవిద్యాలయమునకును రాజముద్ర లేదు. బ్రిటిషు ప్రభుత్వపు శాసనమేదియు దానిని విశ్వవిద్యాలయమని చెప్పలేదు. 1949లో బొంబాయి శాసనసభ చట్టము చేసిన పిదపనే దానికి ఆ ప్రతిపత్తి లభించెను. అనఁగా, ఒక రాజ్యమున గుర్తింపులేని పాఠశాలకు వేఱొక ప్రాంతమున గుర్తింపులేని విశ్వవిద్యాలయము గుర్తింపు నిచ్చినది. రెండు సున్నలను కూడినచో సున్నయే యని గణకులు నవ్వవచ్చును. విద్యవిషయమున ఆ లెక్క తప్పినది. ఎంత చదివితివో, ఏమి నేర్చితివో నిష్పక్షపాతముగా పరీక్షించి చెప్పువా రొకరు కావలెను. పాఠశాలకు అది చాలును. ఉద్యోగమిచ్చు ప్రభుత్వమునకు అది చాలదు. ఆ భేదమే ఈ పాఠశాల చరిత్రమునకు కీలకము.

ఉస్మానియా పరీక్ష నెగ్గినవానికి కచేరీలో గుమాస్తాగిరి మొదలు తహసీలుదారు పని వఱకు దారి కలదు. కర్వే విశ్వవిద్యాలయపు పరీక్ష నెగ్గినవారికి నైజాము సర్కారులో అట్టి దారి లేదు. కాఁబట్టి తెలుఁగు బాలురకు ఇట్టి పాఠశాల పెట్టియుండినచో తండ్రులు తమ కుమాళ్ళను పంపియుండెడువారు కారు. చదువు ఉద్యోగముకొఱకే యని నమ్మిన కాలమది. నేఁడును ఆ నమ్మిక సడలలేదు. ఆఁడుబిడ్డ విషయమున తండ్రి అట్టి లెక్క వేయలేదు. ఆమె ఉద్యోగము చేయునని యెవ్వరును తలఁపలేదు. కాఁబట్టి ఆమె యోగ్యతాపత్రమునకు సర్కారులో వెల లేదన్న దిగులును ఎవ్వరికిఁ గలుగలేదు. స్త్రీవిద్యయందు సంఘమునకుఁ గల యనాదరమే తెలుఁగున ఉన్నతవిద్యకు నీడపట్టైనది. మగపిల్లల బడులలో తెలుఁగునకు దొరకని చోటు ఆఁడుపిల్లల బడిలో దొరకుటకు ఇంతకంటె వేఱు కారణము వెదకఁబనిలేదు. ఇది స్థాపకుల గొప్పతనమును తగ్గించుట కాదు. ఎచట అడ్డు తక్కువగా నుండునో అచటనే గండి కొట్టుట వివేకులు చేయు పని. ఆ గండిలోఁ బోయినవారు మాత్రము బాలికలు. ఆ పాఠశాల వారిచేత ఉన్నతమైన దనుట కిదియే కారణము.

వారికి అడ్డులు తక్కువ యనుట ప్రభుత్వపు ముద్రవిషయముననే. ఇంటిలోని యడ్డులు వేఱు. బాల్యవివాహములను నిరోధింపవచ్చిన శారదా శాసనము 1929లో పుట్టి 1930లో అమలునకు వచ్చెను. అది బాలికకు కనీసము 14 ఏండ్లని నియమించెను. అయితే అది బ్రిటిషు ఇండియాకు మాత్రమే. నైజాము రాజ్యమున ఆ శాసనము చెల్లదు. ఉన్నతపాఠశాలలో పైతరగతులు చదువవలసిన వయస్సు, నాఁటి యాచారము ప్రకారము, బాలిక అత్తవారింటికిఁ బోవలసిన వయస్సు. ఒక పిల్లను మఱి రెండేండ్లు బడిలో నుంచుటయనఁగా రెండేండ్లు బంధువులకు సమాధానము చెప్పుకొనుట. వీధిలో నడచిపోవుటయే మాటపడుటకుఁ జాలిన ఇండ్లు ఎన్నో యుండెను. ఇట్టి విద్యార్థినులు గణితమును, చరిత్రమును, భూగోళమును తెలుఁగునఁ జదివి, ఆంగ్లమును రెండవభాషగా నేర్చి, దూరదేశపు విశ్వవిద్యాలయము పంపిన ప్రశ్నలకు తెలుఁగున సమాధానములు వ్రాసిరి. కొలువునకుఁ గొఱగాని పరీక్షకు ఇంత శ్రమ యేల యని యడుగువారికి, కావ్యము చదువుట యే కొలువుకొఱకని యెదురుప్రశ్న వేయవచ్చును.

బోధించుటకు పుస్తకములేవి? ఇది పండితులకు ఆసక్తికరమైన విషయము. ఉస్మానియాకు అనువాదశాఖ యుండెను, జీతములు పుచ్చుకొను పండితులుండిరి, ముద్రణాలయ ముండెను. తెలుఁగునకు అట్టి సర్కారీ సాయము లేదు. అయినను తెలుఁగు శాస్త్రవాఙ్మయమునకు హైదరాబాదు నగరమే ఒక పుట్టినిల్లు. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు 1906లో విజ్ఞానచంద్రికామండలిని స్థాపించినది హైదరాబాదులోనే. 1908లో అది చెన్నపట్టణమునకుఁ దరలిపోయెను. చరిత్రములు, జీవశాస్త్రము, రసాయనశాస్త్రము మొదలగు గ్రంథములు ఆ మండలి వలన తెలుఁగునకు వచ్చెను. ఆమ్లజని, ఉదజని మొదలగు సంస్కృతజన్యపదములు అట్టి గ్రంథములవలననే తెలుఁగువారి చెవులకు అలవడినవి. ఉర్దూవారు అరబీ ధాతువులనుండి పదములు పుట్టింపఁగా, తెలుఁగువారు సంస్కృతధాతువులనుండి పుట్టించిరి. రెండును పల్లెపిల్లకు కొత్తయే యని యాక్షేపించువారు లేకపోలేదు. ఆ యాక్షేపణలో కొంత నిజము కలదు. కాని క్రియయు, విభక్తియు, వాక్యమును తనవైనచో నడుమ నొక కొత్తపదము వచ్చినను పిల్ల తడఁబడదు. వాక్యమే పరాయిదైనచో తెలిసినపదమును తెలియదు. 1901లో హైదరాబాదునను, 1904లో హనుమకొండయందును వెలసిన ఆంధ్రభాషానిలయములు పుస్తకములకు కొఱత కొంత తీర్చెను.

పొరుగుసీమలలో ఇట్టి ప్రయత్నములు జరుగకపోలేదు. బందరున 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల, గుంటూరున 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణగారి శారదానికేతనము వెలసెను. అవి జాతీయోద్యమపు పిల్లలు. ప్రభుత్వమును ధిక్కరించి పుట్టినవి. నారాయణగూడ పాఠశాల ధిక్కారముగాఁ బుట్టలేదు. తన రాజ్యపు విశ్వవిద్యాలయము చేర్చుకొనలేదు కాఁబట్టి పరప్రాంతమున బంధుత్వము కలుపుకొనవలసివచ్చెను. పదేండ్ల వెనుక ఇదే కథ వేఱొకరూపమున మరల జరిగెను. 1938లో ఉస్మానియా విద్యార్థులు వసతిగృహములలో వందేమాతరము పాడినందులకు బహిష్కృతులు కాఁగా, వారిలో పెక్కుమందికి నాగపురము విశ్వవిద్యాలయము చోటిచ్చెను. తరువాతి కాలమున భారత ప్రధానమంత్రియైన పి. వి. నరసింహారావుగారు అట్లు నాగపురము చేరినవారిలో నొకరు. ఆ విద్యార్థుల కథను అందఱును ఎఱుఁగుదురు. వారికంటె ముందే, ఏ నినాదమును లేకుండ, పొలిమేర దాఁటిన పరీక్షకుఁ గూర్చున్న బాలికల కథను ఎఱిఁగినవారు తక్కువ.

1948 సెప్టెంబరులో నైజాము ప్రభుత్వ మంతరించెను. ఉస్మానియాలో ఉర్దూ బోధనయు దానితోడనే తొలఁగెను. దాని స్థానమున తెలుఁగు వచ్చినదా? రాలేదు, ఆంగ్లము వచ్చినది. ముప్పదియేండ్లు శ్రమించి శాస్త్రములన్నిటిని ఒక దేశభాషలోనికిఁ దెచ్చిన కార్యము అంతయు మూలఁబడెను. రెండవ దేశభాషకు ఆ యనుభవము ఉపయోగపడలేదు. నిజమునకు ఆ క్షణమున విశ్వవిద్యాలయమునకు కావలసిన పాఠము నారాయణగూడయందు ఇరువదియేండ్లుగా జరుగుచునే యుండెను. అడిగి తెలిసికొనువారు లేకపోయిరి. పట్టపు తరగతులకు తెలుఁగు పుస్తకములు సిద్ధపఱచుటకు తెలుఁగు అకాడమీ 1968లో గాని ఏర్పడలేదు. అంతలో ఇరువదియేండ్లు గడచెను.

హనుమంతరావుగారు తాను నడపిన యుద్యమపు చరిత్రమును తెలంగాణా ఆంధ్రోద్యమమను పేర రెండు భాగములుగా 1949, 1950 ప్రాంతమున వెలువరించిరి. 1951లో హైదరాబాదు నగరమునకు మేయరైరి, 1955లో పద్మభూషణమును పొందిరి, 1970లో గతించిరి. కర్వేగారు 1958లో, నూఱేండ్లు నిండిన యేఁట, భారతరత్నమును పొంది, 1962లో 104 ఏండ్ల వయస్సున స్వర్గస్థులైరి. పాఠశాల నారాయణగూడయందు హనుమంతరావుగారి పేరనే నిలిచియున్నది.

నిజామాబాదు జిల్లాకును నేఁడు స్వంత విశ్వవిద్యాలయము కలదు. 2006లో డిచ్‌పల్లియందు తెలంగాణ విశ్వవిద్యాలయము ఏర్పడెను. సిరికొండవంటి మండలకేంద్రమందలి బాలిక ఉన్నతపాఠశాలకై హైదరాబాదునకుఁ బోవలసిన యగత్యము తీరినది. 2018లో తెలంగాణ శాసనసభ తెలుఁగును పాఠశాలలయందు తప్పనిసరి విషయముగా చట్టము చేసెను. 2022-23 విద్యాసంవత్సరము మొదలుకొని ప్రభుత్వపాఠశాలలలో ఒకటవ తరగతినుండి యెనిమిదవ తరగతి వఱకు ఆంగ్లమున బోధన యారంభమయ్యెను. 1928లో నారాయణగూడ బాలికకు ఆంగ్లము ఒక విషయము, తక్కినవన్నియు తెలుఁగులో. నేఁటి సర్కారు బడిలో ఆంగ్లమాధ్యమమునఁ జదువు బాలికకు తెలుఁగు ఒక విషయము, తక్కినవన్నియు ఆంగ్లములో.